లినక్స్ తెర డిపిఐ, తెలుగు వత్తులు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో ఉన్న ఒక డీటీపీ దుకాణంలో పాత 18.5 అంగుళాల మానిటరు ఒకటి, దాని పక్కనే కొత్తగా కొన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ ఒకటి ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ ఒకే లినక్స్, ఒకే ఫాంటు, ఒకే 12 పాయింట్ల సైజు. అయినా అక్షరం కూర్చునే గడి ఎత్తు పాత మానిటరు మీద దాదాపు 4.8 మిల్లీమీటర్లు ఉంటే, ల్యాప్‌టాప్ తెర మీద 2.9 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. కాగితం మీద అచ్చయినప్పుడు 12 పాయింట్లంటే 4.23 మిల్లీమీటర్లు. అంటే ఒక తెర అక్షరాన్ని పెంచి చూపుతోంది, రెండోది తగ్గించి చూపుతోంది. కాగితం కొలతకు రెండూ దూరంగానే ఉన్నాయి.

ఈ తేడాకు మూలం డిపిఐలో ఉంది. తెర విషయంలో డిపిఐ అంటే అంగుళం పొడవులో ఎన్ని పిక్సెళ్లు పడతాయన్న లెక్క. పొందూరు ఖద్దరులో అంగుళానికి పడే పోగులను బట్టి బట్ట సన్నదనం తెలిసినట్టే, అంగుళానికి పడే పిక్సెళ్లను బట్టి తెర సన్నదనం తెలుస్తుంది. 18.5 అంగుళాల మానిటరులో 1366×768 పిక్సెళ్లుంటే అంగుళానికి సుమారు 85 పడతాయి. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో 1920×1080 ఉంటే 141 పడతాయి. ఇది తయారీలోనే స్థిరపడిపోయిన సాంద్రత. దీన్ని ఏ సెట్టింగూ మార్చలేదు. సెట్టింగుల్లో డిపిఐ పేరుతో మనకు కనిపించేది వేరొకటి. పాయింట్లలో చెప్పిన అక్షర పరిమాణాన్ని పిక్సెళ్లలోకి మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ వాడుకునే సంఖ్య అది. తెర నిజ సాంద్రత ఎంతైనా లినక్స్ డెస్క్‌టాప్‌లు మొదట దాన్ని 96గానే తీసుకుంటాయి. ఆ లెక్కన 12 పాయింట్ల అక్షరానికి 16 పిక్సెళ్లు వస్తాయి. 85 సాంద్రత ఉన్న తెర మీద ఆ 16 పిక్సెళ్లు పెద్దగా, 141 సాంద్రత ఉన్న తెర మీద చిన్నగా కనిపించడంలో వింత లేదు.

అక్షరాలు చిన్నగా కనబడగానే చాలామంది చేసే పని రిజల్యూషన్ తగ్గించడం. అది వెంటనే మానవలసిన అలవాటు. ఎల్‌సిడి తెరకు పిక్సెళ్ల గళ్లు స్థిరంగా ఉంటాయి. 1920 గళ్లున్న వరుసలో 1366 పిక్సెళ్ల బొమ్మను సాగదీస్తే ఒక్కో పిక్సెల్ దాదాపు 1.4 గళ్ల మీద పరుచుకుంటుంది. అంచులు పక్క గళ్లలోకి కారిపోతాయి. నిలువు గీతలతో నిండిన ఆంగ్ల అక్షరాలు దీన్ని కొంత తట్టుకుంటాయి గానీ, గుండ్రని మలుపులతో, కింద వత్తులతో ఉండే తెలుగు అక్షరం తట్టుకోలేదు. రిజల్యూషన్ ఎప్పుడూ తెర సహజ స్థాయిలోనే ఉండాలి. అక్షర పరిమాణాన్ని డిపిఐతోనో, తెర మీది అన్నింటినీ ఒకే నిష్పత్తిలో పెంచే స్కేలింగ్‌తోనో సరిచేయాలి.

96 ఎక్కడి నుంచి వచ్చింది

అచ్చు రంగం నుంచి కంప్యూటర్లకు వచ్చిన పాయింటు అంగుళంలో 72వ వంతు. 1984లో వచ్చిన మ్యాకింటోష్ తెర అంగుళానికి 72 పిక్సెళ్లు చూపేది కాబట్టి అక్కడ ఒక పాయింటుకు ఒక పిక్సెల్ సరిపోయింది. విండోస్ దానికి మూడో వంతు కలిపి 96ను ఆనవాయితీ చేసింది. తెరను కాగితం కన్నా కాస్త దూరం నుంచి చూస్తారు కాబట్టి అక్షరానికి కొన్ని పిక్సెళ్లు ఎక్కువ దొరకడం మేలే అయింది. తరువాత వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సిఎస్ఎస్ ప్రమాణం కూడా ఒక అంగుళానికి 96 పిక్సెళ్లని రాసుకుంది.

లినక్స్ తెరను చాలాకాలం నడిపించిన ఎక్స్ సర్వరుది మొదట వేరే దారి. ప్రతి మానిటరూ తన గురించిన వివరాలను ఈడిఐడి అనే చిన్న పట్టికలో పెట్టుకుని, కేబుల్ ద్వారా కంప్యూటరుకు పంపుతుంది. అందులో తెర వెడల్పు, ఎత్తు కూడా ఉంటాయి. ఎక్స్ సర్వరు వాటిని చదివి నిజమైన డిపిఐని లెక్కగట్టేది. 2009 ప్రాంతంలో ఆ పద్ధతిని వదిలి, తెర ఏదైనా 96 అనే చెప్పడం మొదలుపెట్టింది. ఎన్‌విడియా సొంత డ్రైవరు మాత్రం ఈడిఐడిని చదివే లెక్కగడుతుంది కాబట్టి, ఒకే లినక్స్ పంపిణీ (ఉబుంటు, ఫెడోరా వంటిది) వేసిన రెండు కంప్యూటర్లలో రెండు రకాల సంఖ్యలు కనబడే అవకాశం ఉంది.

ఈ వెనకడుగు తొందరపాటుతో వేసింది కాదు. ఈడిఐడి పట్టికలు తరచుగా తప్పు చెబుతాయి. కొన్ని టీవీలు తమ అసలు కొలతకు బదులు 16:9 నిష్పత్తినే కొలతగా రాసి, 160 మిల్లీమీటర్ల వెడల్పు, 90 మిల్లీమీటర్ల ఎత్తు అని చెప్పుకుంటాయి. దాన్ని నమ్మితే 1920 పిక్సెళ్ల తెరకు డిపిఐ 305 అవుతుంది. గోడంత టీవీ మీద ఒక్కో అక్షరం అరచేయంత కనిపిస్తుంది. ప్రొజెక్టరుకు తెర ఎంత పెద్దదో దానికే తెలియదు కాబట్టి సున్నా చెబుతుంది. పైగా నిజమైన డిపిఐని పాటించడమే ఎప్పుడూ సరి అని కూడా అనలేం. గదికి అవతల నుంచి చూసే 32 అంగుళాల టీవీ మీద 4.23 మిల్లీమీటర్ల అక్షరం నిజ పరిమాణమే అయినా ఎవరికీ కనిపించదు. ఇలా చూస్తే 96ను ఒక ఒప్పందంగా తీసుకోవడంలో న్యాయముంది. అయితే ఆ ఒప్పందం తెరలు 85కూ 100కూ మధ్య ఉన్న రోజుల్లో కుదిరింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు 141, 157 దాటి పోతున్నప్పుడు, దాన్ని ముట్టుకోకుండా వదిలేయడం వల్ల నష్టపోయేది కళ్లు.

ప్రస్తుతం ఎంత ఉందో చూడడం

మొదట తెలుసుకోవలసింది డెస్క్‌టాప్ పాత ఎక్స్ మీద నడుస్తోందా, కొత్త వేలాండ్ మీద నడుస్తోందా అన్నది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్ లోపల అబౌట్ పుటలో విండోయింగ్ సిస్టమ్ అనే వరుస ఈ సంగతి చెబుతుంది. కెడిఇ ప్లాస్మా అనే మరో డెస్క్‌టాప్‌లో అబౌట్ దిస్ సిస్టమ్ పుట చెబుతుంది. ఇది తేలకుండా ముందుకు వెళితే ఒకదానికి పనికొచ్చే చిట్కాను రెండోదాని మీద ప్రయోగించి ఫలితం లేదని విసుగు చెందడమే మిగులుతుంది. ఫెడోరా 2016లోనే వేలాండ్‌ను మొదటి ఎంపికగా పెట్టింది. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో గ్నోమ్‌కు ఎక్స్ సెషనే లేదు. పాత కంప్యూటర్లలో ఎక్కువగా వాడే ఎక్స్‌ఎఫ్‌సిఇ, మాటె, సినమన్ డెస్క్‌టాప్‌లు మాత్రం ఇప్పటికీ ప్రధానంగా ఎక్స్ మీదే నడుస్తాయి.

ఎక్స్ మీద ఉంటే టెర్మినల్‌లో మూడు ఆదేశాలు మూడు వేరువేరు సంగతులు చెబుతాయి. ఎక్స్‌ర్యాండర్ (xrandr) అని కొడితే ప్రతి తెర పేరు, దాని రిజల్యూషన్, ఆ వరుస చివర మిల్లీమీటర్లలో కొలత వస్తాయి. అక్కడ 1920 పిక్సెళ్లకు 344 మిల్లీమీటర్లని ఉంటే, 1920ని 25.4తో గుణించి 344తో భాగిస్తే 141.8 వస్తుంది, అది తెర నిజ సాంద్రత. ఎక్స్‌డిపివైఇన్ఫో (xdpyinfo) ఇచ్చే పొడవైన జాబితాలో రిజల్యూషన్ అనే వరుస సర్వరు ప్రకటించే డిపిఐని చూపుతుంది. అది సాధారణంగా 96. ఎక్స్‌ఆర్‌డిబిని క్వెరీ ఎంపికతో (xrdb -query) నడిపితే వచ్చే వరుసల్లో ఎక్స్‌ఎఫ్‌టి డాట్ డిపిఐ (Xft.dpi) అన్నది ఉంటే, ప్రోగ్రాములు అక్షరాలు గీయడానికి చాలావరకు దాన్నే పాటిస్తాయి. ఈ మూడింట్లో మొదటిది తెర గురించిన సమాచారం, రెండోది సర్వరు మాట, మూడోది అమలులో ఉన్న సెట్టింగు. రెండోదాన్ని ఒక్కదాన్నే చూసి మానిటరు సాంద్రత 96 అని తేల్చేయడం చాలా మంది చేసే పొరపాటు. వేలాండ్ మీద ఇదే ఆదేశం పాత ప్రోగ్రాముల కోసం ఉంచిన అనుకరణ పొరనే చూస్తుంది కాబట్టి అక్కడ దాని మాటకు అసలు విలువ లేదు.

ఎక్స్‌ర్యాండర్ చెప్పిన మిల్లీమీటర్లను కూడా గుడ్డిగా నమ్మనక్కరలేదు. స్కేలుతో తెర వెలిగే భాగం వెడల్పు కొలిచి పోల్చుకోవచ్చు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచును కొలతలో కలపకూడదు. స్కేలు దొరకని చోట ఎ4 కాగితం చాలు: దాని వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297. చేతిలోని ఏటీఎం కార్డు వెడల్పు 85.6 మిల్లీమీటర్లు.

డిపిఐ దాకా వెళ్లకముందే చూసుకోవలసిన సంగతి మరొకటుంది. పాత మానిటర్లకు వాడే విజిఎ కేబుల్లో ఈడిఐడిని మోసే పిన్నులు విరిగినా, మధ్యలో పెట్టిన స్ప్లిట్టరు ఆ తీగలను కలపకపోయినా, కంప్యూటరుకు తెర వివరాలేవీ అందవు. అప్పుడు అది 1024×768 వంటి సురక్షితమైన రిజల్యూషన్‌కు దిగిపోతుంది. అక్షరాలు లావుగా, మసకగా, పక్కలకు సాగినట్టు కనిపిస్తాయి. కాలేజీ ల్యాబుల్లో ఇలాంటి తెరల ముందు కూర్చుని డిపిఐ సంఖ్యలతో ఎంత కుస్తీ పట్టినా లాభముండదు, కేబుల్ మార్చాలి.

తెలుగుకు ఎంత కావాలి

డిపిఐ గురించిన సలహాలు దాదాపు అన్నీ ఆంగ్ల అక్షరాలను దృష్టిలో పెట్టుకుని వచ్చినవే. తెర నిజ సాంద్రత 96కు దగ్గరగా ఉంటే అలాగే వదిలేయమని, ఎక్కువ ఉంటే ఆ మేరకు పెంచమని వాటి సారం. తెలుగు చదివేవారికి ఇది సగమే సరిపోతుంది. తెర మీద అక్షరం రెండు పరీక్షలు నెగ్గాలి. కంటికి ఆనేంత మిల్లీమీటర్లు ఉండాలి, ఆకారం నిలబడేంత పిక్సెళ్లు ఉండాలి. సన్నని తెర మీద మిల్లీమీటర్లు తక్కువ పడతాయి. ముతక తెర మీద మిల్లీమీటర్లు పుష్కలంగా ఉన్నా పిక్సెళ్లు తక్కువ పడతాయి. ఆంగ్లానికి రెండో పరీక్ష దాదాపు లేనట్టే. చిన్న అక్షరాలు ఒకే అంతస్తులో కూర్చుంటాయి, నిలువు గీతలు పిక్సెల్ గళ్ల మీద చక్కగా వాలతాయి. తెలుగులో తలకట్టో గుడో పైన, అక్షరం మధ్యలో, వత్తు కింద నిలబడాలి.

శ్రీకాకుళం అన్న పేరులో మొదటి అక్షరమే ఇందుకు సాక్ష్యం. 16 పిక్సెళ్ల గడిలో శకారం, దాన్ని చుట్టుకునే రవత్తు, పైన గుడి దీర్ఘం అన్నీ ఇమడాలి. ఇచ్ఛాపురంలోని చ కింది ఛవత్తుకు మిగిలేవి కొద్దిపాటి పిక్సెళ్లే. వాటిలో ఒకటి అటూ ఇటూ అయితే అది చవత్తో ఛవత్తో కన్ను తేల్చుకోలేదు. అర్థం, అర్ధం అన్న రెండు మాటలకు తేడా రేఫ కింది చిన్న వత్తులో ఒక చుక్క మాత్రమే. 96 డిపిఐ దగ్గర 10 పాయింట్ల సైజులో ఆ చుక్క పిక్సెల్‌లో కొంత భాగమే అవుతుంది. తెర దాన్ని లేత బూడిద రంగు మచ్చగా చూపి ఊరుకుంటుంది. దరఖాస్తుల్లో పేర్లు, ఊళ్లు, ఇంటిపేర్లు కొట్టే చోట ఈ మచ్చ ఏ అక్షరమో ఊహించుకోవలసి రావడం ప్రమాదం. అచ్చు తీశాక తప్పు కనబడితే కాగితం పోతుంది. కనబడకపోతే ఆ తప్పు పేరుతో పాటు రికార్డులోకి వెళ్లిపోతుంది.

కాబట్టి ముతక తెర మీద కూడా తెలుగు కోసం డిపిఐ పెంచడం సమంజసం. 85 సాంద్రత ఉన్న పాత మానిటరుకు 120 పెడితే 12 పాయింట్లకు 20 పిక్సెళ్లు వస్తాయి. అక్షరం గడి 6 మిల్లీమీటర్లకు పెరిగి కాస్త పెద్దగా కనిపిస్తుంది, తెర మీద వరుసలు తగ్గుతాయి, కానీ వత్తులు విడివిడిగా నిలుస్తాయి. రోజంతా తెలుగు కొట్టేవారికి ఇది లాభసాటి బేరమే. 141 సాంద్రత ఉన్న ల్యాప్‌టాప్‌కు 144 పెడితే అక్షరం కాగితం కొలతకు చేరుతుంది, 24 పిక్సెళ్లు దొరుకుతాయి, మిల్లీమీటర్లూ పిక్సెళ్లూ రెండూ సరిపోతాయి. తెర చోటు మరీ తక్కువవుతోందనుకుంటే 120 దగ్గర ఆగవచ్చు. అంతకు దిగడం మాత్రం తెలుగుకు మంచిది కాదు. 27 అంగుళాల 4కె మానిటరు సాంద్రత 163; దానికీ 144 సరిపోతుంది, కొంచెం దూరంగా కూర్చునేవారు 168 పెట్టుకోవచ్చు. ఈ సంఖ్యలన్నీ 24 గుణిజాలు కావడానికి కారణం ఉంది. 96లో పావు వంతు 24. పావు వంతుల చొప్పున పెరిగితే 16 పిక్సెళ్ల చిహ్నాలు 20, 24, 28 అని పూర్ణ సంఖ్యలకే పెరుగుతాయి. నిజ సాంద్రత 141.8 అని లెక్క తేలిందని పెట్టెలో 142 రాయడం వల్ల అదనపు మేలేమీ లేదు.

ఫాంటు ఎంపిక కూడా ఇందులో భాగమే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పేరిట, విజయనగరమే కార్యక్షేత్రంగా బతికిన గురజాడ అప్పారావు పేరిట గూగుల్ ఫాంట్స్‌లో ఉచిత తెలుగు ఫాంటులున్నాయి. ఈ ప్రాంతంవారికి వాటి మీద మమకారం సహజం. అవి శీర్షికలకూ ఆహ్వాన పత్రికలకూ పెద్ద సైజుల్లో అందంగా ఉంటాయి గానీ మెనూలకూ కిటికీ పేర్లకూ అనువైనవి కావు. అక్కడ నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు వంటివే మేలు. నోటోలో యుఐ అన్న పేరుతో వచ్చిన రూపంలో వరుస ఎత్తును కుదించారు. ఆంగ్లం ఎత్తుకు కొలిచి కట్టిన బటన్లలో వత్తులు తెగిపోకుండా ఉండడానికే ఆ ఏర్పాటు.

మార్చడం ఎలా

ఎక్స్‌ఎఫ్‌సిఇలో ఇది అన్నింటికన్నా సూటిగా ఉంది. సెట్టింగుల్లో అప్పియరెన్స్ తెరిచి, ఫాంట్స్ పుటలో కస్టమ్ డిపిఐ సెట్టింగ్ అన్న గడిలో టిక్కు పెట్టి సంఖ్య రాస్తే చాలు. తెరిచి ఉన్న చాలా కిటికీలు అక్కడికక్కడే మారతాయి. కింది పట్టీ ఎత్తు మాత్రం దీనికి లోబడదు. ప్యానెల్ ప్రిఫరెన్సెస్‌లో దాన్ని విడిగా పెంచాలి. కిటికీ అంచులను, మూసే బటన్లను పెంచడానికి విండో మేనేజర్ పుటలో డిఫాల్ట్ హెచ్‌డిపిఐ అనే తీరును ఎంచుకోవచ్చు. మాటెలో కూడా అప్పియరెన్స్ లోపల ఫాంట్స్ పుటలో డీటెయిల్స్ నొక్కితే అంగుళానికి చుక్కల సంఖ్య రాసే చోటుంది. పాత కంప్యూటర్లకు ఈ రెండింటినీ నిస్సందేహంగా సిఫారసు చేయవచ్చు.

గ్నోమ్, సినమన్ సంఖ్యకు బదులు గుణకం అడుగుతాయి. 1.25 అంటే 120, 1.5 అంటే 144. గ్నోమ్‌లో యాక్సెసిబిలిటీ కింద లార్జ్ టెక్స్ట్ తిప్పితే 1.25 అమలవుతుంది, వేరే గుణకం కావాలంటే ట్వీక్స్ అనే ప్రోగ్రాములో స్కేలింగ్ ఫ్యాక్టర్ మార్చాలి. సినమన్‌లో ఫాంట్ సెలెక్షన్ పుటలో ఆ అవకాశముంది. ఇది అక్షరాలను మాత్రమే పెంచుతుంది. చిహ్నాలు, బటన్లు, అంచులు పాత కొలతలోనే ఉంటాయి. 1.25 వరకు ఈ అసమానత పెద్దగా కనిపించదు. 1.5 దాటితే స్థిరమైన ఎత్తుతో కట్టిన పెట్టెల్లో తెలుగు వత్తుల అడుగు భాగం తెగిపోవడం మొదలవుతుంది. ఆంగ్లంలో బాగానే కనిపించిన అదే పెట్టె తెలుగులో పాడవడానికి కారణం కింది అంతస్తుకు అందులో చోటు లేకపోవడమే. అప్పుడు అక్షరాలతో పాటు అన్నింటినీ పెంచే పూర్తి స్కేలింగ్‌కు వెళ్లాలి.

పూర్తి స్కేలింగ్‌ను డిస్‌ప్లే సెట్టింగుల్లో 100, 125, 150, 200 శాతాలుగా చూపిస్తారు. 200 శాతం ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే ఒక పిక్సెల్ నాలుగు అవుతుంది, మిగులు ఉండదు. మధ్య శాతాల దగ్గరే చిక్కు. సినమన్ వంటివి ఎక్స్ మీద 150 శాతం చూపడానికి మొత్తం తెరను 200 శాతానికి గీసి తిరిగి కుదిస్తాయి. గ్రాఫిక్స్ చిప్ మీద భారం పెరుగుతుంది, బ్యాటరీ త్వరగా తరుగుతుంది, అంచుల పదును కొంత పోతుంది. వేలాండ్‌లో ఈ లోటు తీర్చడానికి 2022 నవంబరులో కొత్త ఒప్పందం ఒకటి వచ్చింది. దాని ప్రకారం డెస్క్‌టాప్ ప్రతి ప్రోగ్రాముకూ తనకు కావలసిన గుణకాన్ని 120వ వంతుల్లో చెబుతుంది. ప్రోగ్రాము సరిగ్గా అదే కొలతకు గీసి ఇస్తుంది. దీన్ని అర్థం చేసుకునే కొత్త ప్రోగ్రాముల్లో 125, 150 శాతాల దగ్గర కూడా తెలుగు పదునుగా ఉంటుంది. పాత ఎక్స్ ప్రోగ్రాములను మాత్రం చిన్నగా గీయించి సాగదీయవలసి వస్తుంది కాబట్టి అవి మసకబారతాయి. కెడిఇ ప్లాస్మా వేలాండ్ సెషన్‌లో అలాంటి ప్రోగ్రాములు తమ స్కేలింగ్ తామే చూసుకునేలా చేసే ఎంపిక డిస్‌ప్లే పుటలోనే ఉంది. ఈ విషయంలో కెడిఇ మిగతావాటికన్నా శ్రద్ధ చూపిందని చెప్పాలి.

డెస్క్‌టాప్ లేకుండా ఓపెన్‌బాక్స్, ఐ3 వంటి కిటికీల నిర్వాహకాలు మాత్రమే నడిపేవారు ఇంటి ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌రిసోర్సెస్ (.Xresources) ఫైలు తెరిచి, ఎక్స్‌ఎఫ్‌టి డాట్ డిపిఐ అన్న పేరు, కోలన్, 120 అని ఒక వరుస రాసి, ఎక్స్‌ఆర్‌డిబిని మెర్జ్ ఎంపికతో (xrdb -merge) నడపాలి. తెరిచి ఉన్న ప్రోగ్రాములను మూసి తెరిస్తేనే మార్పు కనిపిస్తుంది. ఎక్స్‌ర్యాండర్‌కు డిపిఐ ఎంపిక ఇచ్చే చిట్కా కూడా ఒకటి ప్రచారంలో ఉంది. అది సర్వరు ప్రకటనను మాత్రమే మారుస్తుంది. నేటి ప్రోగ్రాముల్లో ఎక్కువ భాగం ఆ ప్రకటనను పట్టించుకోవు.

ఏ దారి పట్టినా ఒకే చోట మార్చడం ముఖ్యం. ఎక్స్‌రిసోర్సెస్‌లో 144 రాసి, అది వెంటనే కనిపించలేదని క్యుటి అనే పనిముట్లతో కట్టిన ప్రోగ్రాముల కోసం స్కేల్ ఫ్యాక్టర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (QT_SCALE_FACTOR) 1.5కు పెడితే, ఆ రెండూ గుణించుకుని అక్షరాలు 216 డిపిఐకి సమానంగా ఉబ్బుతాయి. జిటికె అనే మరో రకం పనిముట్లతో కట్టిన ప్రోగ్రాములు మాత్రం 144 దగ్గరే ఉంటాయి. ఒకే తెర మీద ఒక కిటికీ భారీగా, మరొకటి మామూలుగా కనిపిస్తే చాలావరకు ఇలాంటి జంట సెట్టింగే కారణం. కొత్తది పెట్టేముందు పాతది తీసేయాలి.

రెండు తెరలు, ప్రొజెక్టరు

ఎక్స్‌కు ఉన్న మౌలికమైన పరిమితి ఏమిటంటే, ఎన్ని తెరలు తగిలించినా ఎక్స్‌ఎఫ్‌టి డిపిఐ ఒక్కటే. 141 సాంద్రత ఉన్న ల్యాప్‌టాప్‌కు 92 సాంద్రత ఉన్న 24 అంగుళాల మానిటరు తగిలిస్తే, 144 పెట్టినప్పుడు మానిటరు మీద అక్షరాలు భారీగా, 96 పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ మీద చీమల్లా ఉంటాయి. డిపిఐని 144 దగ్గరే ఉంచి, మానిటరును మాత్రం ఎక్స్‌ర్యాండర్ స్కేల్ ఎంపికతో 1.5 రెట్ల బొమ్మను కుదించి చూపేలా చేయవచ్చు. పరిమాణాలు కలుస్తాయి గానీ మానిటరు మీద పదును తగ్గుతుంది. తెలుగు పని ఎక్కువగా ఏ తెర మీద జరుగుతుందో దాన్ని కుదించకుండా వదలడం, లేదంటే రెండింటికీ 120 అనే మధ్యేమార్గం పెట్టడం తప్ప ఎక్స్‌లో మెరుగైన దారి లేదు. వేలాండ్‌లో ఏ తెర స్కేలు దానిదే. రోజూ రెండు తెరలతో పనిచేసేవారు వేలాండ్‌కు మారడానికి ఈ ఒక్క కారణం చాలు.

తరగతి గదిలో ప్రొజెక్టరు పెట్టినప్పుడు దాని డిపిఐ ఎంతని వెదకడంలో అర్థం లేదు. చివరి బెంచీకి కనిపించాలి, అంతే. అక్కడ ప్రోగ్రాము లోపలి జూమ్ వాడుకోవడమే సులువు. టీవీకి తగిలించినప్పుడు నాలుగు అంచులూ తెర బయటికి పోయినట్టు కనబడితే అది టీవీ చేసే ఓవర్‌స్కాన్; టీవీ మెనూలో బొమ్మ సైజును జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ వంటి పేర్లున్న ఎంపికకు మార్చాలి.

ఈ సెట్టింగు పరిధిలోకి రానివి

డిపిఐ మార్చితే అచ్చులో అక్షరం సైజు మారుతుందేమోనన్న భయం డీటీపీ చేసేవారిలో ఉంటుంది. మారదు. లిబ్రెఆఫీస్‌లో 12 పాయింట్లని రాసినది తెర డిపిఐ ఎంతైనా కాగితం మీద 4.23 మిల్లీమీటర్ల గడిలోనే అచ్చవుతుంది. ప్రింటరు తన సొంత సాంద్రతతో గీస్తుంది. తెర మీద 100 శాతం చూపులో పుట పరిమాణం మాత్రం మారుతుంది. ఎ4 కాగితాన్ని తెరకు ఆనించి చూస్తే సెట్టింగు నిజ సాంద్రతకు ఎంత దగ్గరగా ఉందో ఆ పుట వెడల్పే చెబుతుంది.

స్కాన్ చేసిన పుటల సంగతి వేరు. శ్రీకాకుళంలో 1997లో మొదలైన కథానిలయం సేకరించిన పాత కథల స్కాన్ ప్రతుల వంటివి తెరిచినప్పుడు అక్కడ ఉన్నది అక్షరాల బొమ్మ. ఫాంటు డిపిఐకి దానితో సంబంధం లేదు. ఎవిన్స్, ఓక్యులర్ వంటి పిడిఎఫ్ చదివే ప్రోగ్రాములు 100 శాతం చూపు కోసం తెర భౌతిక కొలతనే అడుగుతాయి కాబట్టి, ఈడిఐడి తప్పుగా ఉన్న తెర మీద పుట మరీ చిన్నగానో పెద్దగానో తెరుచుకుంటుంది. పుట వెడల్పుకు సరిపెట్టే చూపు ఎంచుకుంటే సరిపోతుంది.

ఫైర్‌ఫాక్స్, క్రోమియం డెస్క్‌టాప్ సెట్టింగును చాలావరకు అనుసరిస్తాయి. అనుసరించకపోతే ఫైర్‌ఫాక్స్ లోపలి కాన్ఫిగ్ పుటలో (about:config) డెవ్‌పిక్సెల్స్ పర్ పిఎక్స్ (layout.css.devPixelsPerPx) అనే విలువను మైనస్ ఒకటి నుంచి 1.25కో 1.5కో మార్చవచ్చు. జావాలో రాసిన పాత ప్రోగ్రాములు మొండివి. 9వ వెర్షన్ తరువాతి జావా మీద నడిపేటప్పుడు యుఐ స్కేల్ (sun.java2d.uiScale) విలువను 2 అని ఇస్తే పెద్దవవుతాయి, అంతకుముందు జావాతో నడిచేవాటికి ఆ అవకాశం లేదు.

లాగిన్ తెర వాడుకరి సెట్టింగులు అమలు కాకముందే వస్తుంది కాబట్టి అక్కడ అక్షరాలు చిన్నగానే ఉంటాయి. లాగిన్ తెరను చూపడానికి లైట్‌డిఎం అనే ప్రోగ్రామును వాడే పంపిణీల్లో దాని గ్రీటరు ఫైలులో ఎక్స్‌ఎఫ్‌టి డిపిఐ వరుసను విడిగా రాయాలి. ఆ ఫైలు మార్చడానికి నిర్వాహక అనుమతి కావాలి. కంట్రోల్, ఆల్ట్ మీటలతో ఎఫ్3 నొక్కితే వచ్చే నల్లని కన్సోలుకు డిపిఐ అన్న భావనే లేదు. అక్కడ ఉన్నది పిక్సెళ్లలో కొలిచిన బొమ్మ ఫాంటు. డెబియన్, ఉబుంటు కుటుంబంలో కన్సోల్ సెటప్ ప్యాకేజీని మళ్లీ అమర్చే ఆదేశం (dpkg-reconfigure console-setup) నడిపి, టెర్మినస్ ఫాంటును 16×32 కొలతలో ఎంచుకుంటే సన్నని తెరల మీద కూడా చదవగలిగేలా ఉంటుంది. ఆ కన్సోలు తెలుగు అక్షరాలను కూర్చలేదు కాబట్టి తెలుగు పేర్లున్న ఫైళ్ల పని ఏదైనా గ్రాఫికల్ టెర్మినల్‌లోనే చూసుకోవాలి.